రాహేలుకు పురుడు పోసినావిడ

బైబిలులోని స్త్రీల మీద రాసిన నవల ఏది చేతికొచ్చినా ముందు కాన్పు ఘట్టం ఎక్కడుందో చూస్తాను. నా సర్వీసంతా లేబర్ రూంలోనే గడిచింది. విశాఖపట్నంలో ఒక ప్రభుత్వాసుపత్రి ప్రసూతి వార్డులో స్టాఫ్ నర్సుగా చేరి, అక్కడే రిటైరయ్యాను. నొప్పులు ముదిరాక మనిషి ఊపిరి ఎలా మారుతుందో, ఏ దశలో మన మాట ఆమె చెవికెక్కదో, బిడ్డ ఏడ్చాక కూడా మాయ పడేదాకా మాకు కుదురు ఎందుకు ఉండదో నాకు తెలుసు. రాసినవాళ్లు ఆ గదిలోకి నిజంగా వెళ్లారో, గుమ్మం బయటే నిలబడి ఒక కేక, తర్వాత ఒక పసిబిడ్డ ఏడుపు వినిపించి తేల్చేశారో రెండు పేజీల్లో తెలిసిపోతుంది. అక్కడ తేల్చేసినవాళ్లు నీళ్లు మోయడం దగ్గరా, పిండి విసరడం దగ్గరా కూడా తేల్చేస్తారు. వాళ్ల చేతిలో శారా అయినా ఎస్తేరు అయినా వేషం మార్చిన ఈ కాలపు కథానాయికే అవుతుంది.

నేను ఈ నవలలు చదివేది వాళ్ల ప్రేమల కోసం కాదు, వాళ్ల పని కోసం. బైబిలు వాక్యంలో ఆమె గర్భవతి అయింది, కుమారుణ్ణి కన్నది అని ఒక్క ముక్కలో వచ్చేస్తుంది. ఆ ఒక్క ముక్క వెనక ఒక రాత్రి ఉంటుంది. నీళ్లు కాచినవాళ్లుంటారు, తెల్లారేదాకా నడుం పట్టినవాళ్లుంటారు. నవల రాసేవాళ్లు ఆ రాత్రిని చూపించాలి.

ఆదికాండము 35వ అధ్యాయం తీసుకోండి. యాకోబు కుటుంబం బేతేలు నుంచి ప్రయాణమైంది. ఎఫ్రాతా ఇంకా కొంత దూరం ఉండగానే అతని భార్య రాహేలుకు నొప్పులొచ్చాయి. కాన్పు కష్టమైంది. మంత్రసాని ఆమెతో భయపడవద్దు, ఇదీ నీకు కొడుకే అంటుంది. ప్రాణం పోతూ రాహేలు బిడ్డకు బెనోని అని పేరు పెడుతుంది, తండ్రి దాన్ని బెన్యామీను అని మారుస్తాడు. ఆమెను దారి పక్కనే పాతిపెట్టి, గుర్తుగా ఒక స్తంభం నిలిపి ముందుకు సాగుతారు. ఇదంతా ఐదు వచనాల్లో అయిపోతుంది.

ఆ మంత్రసానికి పేరు లేదు. గుంపుతో పాటు నడిచొచ్చిందో, దగ్గర్లో ఏ పల్లె నుంచైనా పరుగున పిలుచుకొచ్చారో తెలియదు. కానీ ఆమె అన్న మాట నేనూ అన్నాను. రక్తం ఆగకుండా పోతున్నప్పుడు డాక్టరుగారు ఒక పక్క గర్భసంచి నొక్కుతుంటారు, ఒకరు రెండో చేతికి సెలైన్ పెడుతుంటారు, ఒకరు బ్లడ్ బ్యాంకుకి పరిగెడతారు. తల దగ్గర నిలబడిన నర్సు ఏమంటుంది? "భయపడకమ్మా, మగపిల్లాడు, ఇటు చూడు" అంటుంది. అది ఓదార్పు ఒక్కటే కాదు. ఆమె కళ్లు మూసుకుపోకుండా, స్పృహ జారిపోకుండా పట్టి ఉంచడం కూడా. ఈ రోజుకీ ప్రపంచమంతటా కాన్పుల్లో తల్లుల ప్రాణాలు తీసే కారణాల్లో ముందు వరసలో ఉన్నది రక్తస్రావమే. ఇప్పుడు మాకు బిడ్డ బయటికొచ్చిన నిమిషంలోపు వేసే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఉంది. దారి మధ్యలో రాహేలు పక్కన కూర్చున్న ఆవిడకి రెండు చేతులూ, ఆ ఒక్క మాటా ఉన్నాయి. ఇన్ని వేల ఏళ్ల కింద రాసినవాళ్లు ఆ మాటను జారవిడవకుండా రాసి ఉంచారంటే, అది ఎవరో ఆడమనిషి చూసొచ్చి చెప్పిన సంగతే అయ్యుంటుందని నా గట్టి నమ్మకం.

రాహేలు, ఆమె అక్క లేయా, లేయా కూతురు దీనాల మీద వచ్చిన నవలల్లో అందరూ ఎరిగినది అనితా డయమంట్ 1997లో రాసిన 'ది రెడ్ టెంట్'. మా అమ్మాయి ఆన్‌లైన్‌లో కొని పంపింది. అందులో దీనా తన కథ తానే చెప్పుకుంటుంది. మంత్రసాని విద్య నేర్చుకుంటుంది, చివరికి ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, ఆ పనితోనే బతుకుతుంది. కాన్పులు రాసిన తీరుకి ఆ రచయిత్రికి నమస్కారం పెట్టాను. గదిలో ఆడవాళ్ల ఓపిక, విసుగు, కూనిరాగం, చెమట వాసన అన్నీ ఉన్నాయి. కానీ రెండు చోట్ల ఆమెతో నేను ఏకీభవించలేను. ఆ రెండూ చెప్పాలనే ఈ పోస్టు మొదలుపెట్టాను.

బైబిలులో దీనా ఒక్క మాట మాట్లాడదు. ఆదికాండము 34లో ఉన్నవి ముప్పై ఒక్క వచనాలే. ఆమె ఆ దేశపు ఆడపిల్లల్ని చూడటానికి వెళ్తుంది. అక్కడి రాజకుమారుడు షెకెము ఆమెను పట్టుకుని చెరుస్తాడు, ఆ తర్వాత మనసుపడ్డానంటాడు. అతని తండ్రి హమోరు వచ్చి పెళ్లి మాట ఎత్తుతాడు, ఓలి ఎంతడిగినా ఇస్తామంటారు. అన్నలు కపటంగా సున్నతి షరతు పెడతారు. మూడో రోజు ఊళ్లో మగవాళ్లంతా బాధతో పడి ఉండగా షిమ్యోను, లేవి కత్తులతో వెళ్లి అందరినీ చంపేస్తారు. తండ్రి మందలిస్తే అన్నలు ఎదురు ప్రశ్న వేస్తారు, అక్కడితో అధ్యాయం అయిపోయింది. దీనా ఏమంది, ఏమైంది అన్నది లేదు.

నవలలో ఏం చేశారంటే, దీనా ఆ రాజకుమారుడూ ఒకరినొకరు ఇష్టపడినట్టు రాశారు. బలాత్కారం ప్రేమైంది. నేను దీన్ని ఒప్పుకోలేను. పోలీసు కేసుగా మా వార్డుకి వచ్చిన ఆడపిల్లలను చూశాను నేను. పిల్ల లోపల పరీక్ష బల్ల మీద వణుకుతూ ఉంటుంది, బయట వరండాలో రెండు వైపుల పెద్దమనుషులు నిలబడి "జరిగిందేదో జరిగింది, పెళ్లి చేసేద్దాం, కేసెందుకు" అని మాట్లాడుకుంటుంటారు. హమోరు యాకోబు గుడారం దగ్గరికి వచ్చి మాట్లాడింది ఇదే. పిల్లనెవరూ అడగరు. ఆదికాండము కూడా అడగలేదు. నవలకు దొరికిన అవకాశం అక్కడే ఉంది. ఆ గాయంతోనే దీనాను మాట్లాడించాలి. గాయమే లేదని రాసేస్తే ఆమెకు నోరిచ్చినట్టు కాదు, ఆమె చెప్పాల్సినదాన్ని తీసేసినట్టు. మంచి మనసుతోనే చేసి ఉంటారు, ఆమెకు కొంచెం సుఖం ఇవ్వాలని. అయినా నా మనసు ఒప్పదు.

రెండోది ఆ గుడారం. ముట్టు రోజుల్లో ఆడవాళ్లంతా ఒక ఎర్ర గుడారంలో చేరి విశ్రాంతి తీసుకుంటారు, పాడుకుంటారు, తీపి తింటారు, తల్లుల కథలు కూతుళ్లకు చెబుతారు. అలాంటి గుడారం బైబిలులో ఎక్కడా లేదు. లేవీయకాండము 15లో ముట్టు గురించిన కట్టడలు ఉన్నాయంతే. అయినా కల్పన కదా, కల్పించుకోవచ్చు. కానీ తెలుగు ఇళ్ల మధ్య పెరిగిన నేను ఆ పేజీలు చదువుతుంటే మా పక్కింటి పిల్ల గుర్తొచ్చింది. మా క్రైస్తవ ఇళ్లలో ఆ పట్టింపు లేదు. ఆ పిల్ల మాత్రం నెలనెలా అరుగు మీద చాపా, కంచమూ, చెంబూ వేరుగా పెట్టుకుని కూర్చునేది. స్కూల్లో చెప్పిన నోట్సు నేను తెచ్చి గట్టు మీద పెడితే, నేను వెనక్కి వచ్చాక తీసుకునేది. డిసెంబరు చలిలో కూడా అక్కడే పడుకునేది. అందుకే ఆ గుడారంలోని ఆనందాన్ని నేను పూర్తిగా నమ్మలేకపోయాను. ఇదే మాట మా అత్తయ్యతో అంటే ఆవిడ ఇంకోటి చెప్పింది. వాళ్ల ఊళ్లో పెద్ద ఇళ్ల కోడళ్లు ఆ మూడు రోజులు వస్తే చాలు, పొయ్యి ముఖం చూడక్కర్లేదని కాళ్లు చాపుకుని కూర్చునేవాళ్లట. "వొళ్లొంచని రోజులంటే అవే మరి వోళ్లకి" అంది. రెండూ నిజమే కావచ్చు. ఆ రెండూ కలిసి ఉన్న గుడారాన్ని ఎవరైనా రాస్తే బాగుండును.

మా అత్తయ్యకి ఎనభై దాటాయి. శుక్లాలు తీయించినా చిన్న అక్షరాలు ఆనవు, ఇంగ్లీషు రాదు. కంచరపాలెంలో మా ఇంటి వెనక గదిలో సాయంత్రం దీపాలు పెట్టే వేళకి నేను చదివిన అధ్యాయాన్ని తెలుగులో చెబుతాను. ఆవిడ విజయనగరం వైపు పల్లెలో పుట్టి, నడుం వంగేదాకా పొలం పని చేసిన మనిషి. ఈ నవలల మీద ఆవిడ తీర్పులు నేను ఎక్కడా చదవలేదు.

రూతు కథ చెప్పినప్పుడు చూడాలి. నవలలో రూతు, బోయజు అనే ఆసామి చేలో వెన్నులు ఏరుతుంటే గాలికి జుట్టు చెదరడం, బోయజు దూరం నుంచి చూడటం, ఆమె బుట్ట నిండటం చాలా అందంగా రాశారు. మా అత్తయ్య మధ్యలోనే ఆపింది.

"కోసి ఎన్నాళ్లయింది? కొయ్యకాళ్లు గుచ్చుకోలేదేటి దానికి?"

రాయలేదన్నాను.

"నడుం నొప్పి రాసినాడా?"

రాయలేదు.

"మరి పరిగె ఏరినట్టు ఎలగ తెలుస్తాది?"

పరిగె ఆవిడకి తెలిసినంత ఏ నవలాకారుడికి తెలుసు? కోతలయ్యాక, కుప్పలు వేసేశాక, చేలో రాలిన వెన్నులు ఏరుకోవడం పేదవాళ్ల హక్కుగా వాళ్ల ఊళ్లోనూ ఉండేదట. ఇశ్రాయేలీయులకైతే అది ధర్మశాస్త్రమే. పొలం అంచుల దాకా కోయకూడదు, మరిచిపోయిన పన కోసం వెనక్కి వెళ్లకూడదు, అది పరదేశికీ తండ్రిలేనివాళ్లకీ విధవరాలికీ విడవాలి. రూతు పరదేశీ, విధవరాలూ కూడా. సాయంత్రానికి ఆమె ఏరినది దుల్లకొడితే తూమెడు యవలయ్యాయని వాక్యం. మా అత్తయ్య ఆ కొలత దగ్గర తల అడ్డంగా ఊపింది. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా వంగిన నడుం ఎత్తకుండా ఏరినా ఒక్క మనిషికి అంత రాదంది. "పాస్టరు గారు బోయజు దయ, బోయజు దయ అంటారు. ఆ కొలత సూస్తే నాకు తెలిసిపోద్ది ఎంత దయో." నిజంగానే పనల్లోంచి కొన్ని లాగి పడేయమని బోయజు పనివాళ్లకి చెబుతాడు. చర్చిలో ఎన్నోసార్లు విన్న మాటే. ఆ దయను గింజల్లో కొలిచి చూపించింది మాత్రం ఈవిడే.

ఇంకో మాట కూడా అంది. ఆమెను ముట్టుకోవద్దని బోయజు మగ పనివాళ్లకి ముందే ఆజ్ఞాపిస్తాడు. వేరే చేనుకి వెళ్లొద్దు, అతని పనికత్తెలతోనే ఉండు అని రూతు అత్త నయోమి కూడా చెబుతుంది. మా అత్తయ్య అడిగింది: "ఆ మాట ఎందుకనాల్సొచ్చిందో రాసినారా పుస్తకంలో?" రాయలేదు. "పరిగెకెల్తే మాయమ్మ నన్ను ఒక్కర్తినీ ఎల్లనిచ్చీది కాదు. నలుగురు గుంటల్ని జత కట్టి పంపీది." అంతకు మించి ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. నా దృష్టిలో రూతు నవల అక్కడ మొదలవ్వాలి, ఆ చేలో ఒంటరి ఆడమనిషికి ఉన్న భయం దగ్గర. ప్రేమ తర్వాత వస్తుంది, వస్తే రానివ్వండి.

రిబ్కా నీళ్లు తోడిన ఘట్టం కూడా ఇలాంటిదే. అబ్రాహాము సేవకుడి పది ఒంటెలకు తాగినంత నీళ్లు తోడి పోస్తుంది. చాలా నవలల్లో ఇది ఒక వాక్యం, ఆమె చురుకుదనానికి గుర్తు. బాగా దప్పికగొన్న ఒంటె ఒక్కసారికి వంద లీటర్ల దాకా తాగగలదు. సగమే తాగాయనుకుందాం, పది ఒంటెలకు 500 లీటర్లు. మన పదిహేను లీటర్ల బిందెతో ముప్పైకి పైగా బిందెలు. పైగా ఆ ఊట దగ్గరికి దిగి, నింపుకుని, ఎక్కి రావాలి. విశాఖలో కొండవాలు కాలనీల్లో మెట్ల మీద బిందె మోసిన ఏ ఆడమనిషినైనా అడగండి, అది ఎంతసేపటి పనో, మర్నాడు మెడ ఎలా ఉంటుందో చెబుతుంది. ఒంటెల విషయంలో ఒక చిక్కు ఉన్న మాట నిజమే. టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం వాళ్లు అరాబా లోయలో దొరికిన ఎముకల్ని పరీక్షించి, పెంపుడు ఒంటెలు అక్కడ క్రీ.పూ. పదో శతాబ్దం చివరలోనే కనిపిస్తున్నాయని 2013లో ప్రకటించారు. అబ్రాహాము లాంటి పితరుల కాలం అంతకు చాలా ముందుది అంటారు. నా విశ్వాసం ఒంటె ఎముకల మీద నిలబడి లేదు కాబట్టి నాకు కంగారు లేదు. కాకపోతే చారిత్రక నవల అని అట్ట మీద వేసుకున్నవాళ్లు ఇలాంటివి చదివి ఉండాలి.

చదివి రాసినప్పుడు ఎంత లాభమో హాగరు విషయంలో చూశాను. బాబిలోను రాజు హమ్మురాబి శాసనాల్లో ఒకటుంది: పూజారిణి అయిన భార్య తన దాసిని భర్తకిచ్చి, ఆ దాసి బిడ్డను కని యజమానురాలితో సమానమని మెలిగితే, ఆమెను అమ్మకూడదు గానీ తిరిగి బానిసల్లో కలపవచ్చు. పిల్లలు లేని శారా తన దాసి హాగరును భర్త అబ్రాహాముకు ఇచ్చాక ఆ ఇద్దరి మధ్య జరిగినదానికి ఎంత దగ్గరో చూడండి. ఈ సంగతి తెలిసిన రచయిత శారాను గయ్యాళిగా రాయడు, హాగరును పొగరుబోతుగానూ రాయడు. ఇద్దరూ చిక్కుకున్న కట్టుబాటును రాస్తాడు.

మా స్త్రీల కూడికలో ఒక చెల్లి అడిగింది, "అక్కా, ఇవన్నీ దేవుని వాక్యానికి కలపడం కాదా?" అని. భయంతో అడిగింది, ఆ భయాన్ని నేను గౌరవిస్తాను. ప్రకటన గ్రంథం చివర్లో వీటితో ఏదైనా కలిపేవాడికి గట్టి హెచ్చరికే ఉంది. నేను ఆమె చేత 2 సమూయేలు 11 తీయించి చదివించాను. మేడ మీద నడుస్తున్నది దావీదు రాజు. బత్షెబ మేడ మీద స్నానం చేసిందని ఆ వచనాల్లో లేదు. ఆమె తన అపవిత్రత పోగొట్టుకునే ఆచారం ప్రకారం స్నానం చేసిందని ఉంది. రాజు మనుషుల్ని పంపి పిలిపించాడు. ఆ అధ్యాయం మొత్తంలో ఆమె నుంచి వచ్చిన కబురు ఒక్కటే, తాను గర్భవతిని అని. రాజు కంట పడాలని కావాలనే మేడెక్కింది అన్నది మనం ఎన్ని ప్రసంగాల్లో విన్నాం? అది కలపడం కాదా? మగ్దలేనే మరియ వేశ్య అని ఏ సువార్తలోనూ లేదు. ఏడు దయ్యాలు వదిలిన స్త్రీ అని లూకా రాశాడు. 591లో పోపు గ్రెగరీ ఒక ప్రసంగంలో ఆమెనూ, అంతకు ముందు అధ్యాయంలోని పాపాత్మురాలైన స్త్రీనీ ఒక్కరే అన్నాడు. ఆ ముద్ర పద్నాలుగు వందల ఏళ్లుగా పోలేదు. ప్రసంగ పీఠం మీంచి చేసిన కల్పన వాక్యం పేరుతో తిరుగుతుంది. నవల మాత్రం ఇది కల్పన అని అట్ట మీదే చెబుతుంది. నాకు నవలే ఎక్కువ నిజాయితీగా అనిపిస్తుంది. అయితే ఒకటి, నవల పట్టుకునే ముందు ఆ అధ్యాయాన్ని బైబిలులో చదివి తీరాలి. ఏది వాక్యమో ఏది ఊహో పాఠకురాలికి తెలిసుండాలి. ఆ కూడికలో ఇప్పుడు అలాగే చేస్తున్నాం.

ఎస్తేరు నవలల గురించి ఎక్కువ చెప్పను. పన్నెండు నెలల పరిమళ తైలాలు, పట్టు పరదాలు, రాజుగారి చూపులు. రాజ్యం నలుమూలల నుంచి ఇళ్లలోంచి తీసుకుపోయిన ఆడపిల్లల గురించి ఎవరూ రాయరు. ఎస్తేరుకు ముందు రాణిగా ఉన్న వష్తి గురించి రాసినవాళ్లే నయం.

మళ్లీ నా గదికి వస్తాను. తామారు కవలల కాన్పు, ఆదికాండము 38 చివర్లో. ఒక బిడ్డ చెయ్యి ముందు బయటికొస్తుంది. మంత్రసాని ఆ చేతికి ఎర్రనూలు కట్టి వీడు మొదట వచ్చాడంటుంది. చెయ్యి లోపలికి పోతుంది, రెండోవాడు ముందు పుడతాడు. చెయ్యి కనబడిందంటే లేబర్ రూంలో మా గుండెల్లో రాయి పడుతుంది. బిడ్డ అడ్డంగా ఉండి చెయ్యి జారితే అది పరుగెత్తి థియేటరుకి తీసుకుపోవాల్సిన కేసు. తల పక్కనే చెయ్యి ఉంటే మాత్రం కొన్నిసార్లు వెనక్కి పోతుంది. ఆ మంత్రసాని చేతిలో నూలు సిద్ధంగా ఉందంటే కవలలని కడుపు తడిమి ముందే పసిగట్టి ఉంటుంది, ఎవడు పెద్దవాడన్న తగవు వస్తుందనీ ఎరుగును. ఆ క్షణంలో అంత నిబ్బరం! దీన్ని రాసిన నవల ఒకదానిలో మంత్రసాని గాభరాపడి కేకలు పెట్టింది. పుస్తకం మూసేశాను. నూలు కట్టిన చెయ్యి గాభరాపడే చెయ్యి కాదు.

షిఫ్రా, పూయాల మీద ఇంకా పెద్ద నవల రావాలి. ఫరో పేరు రాయని నిర్గమకాండము ఈ ఇద్దరు మంత్రసానుల పేర్లు రాసింది. కాన్పు పీటల మీద మగబిడ్డ కనబడితే చంపమన్నాడు రాజు. వాళ్లు చంపలేదు, అడిగితే హెబ్రీ స్త్రీలు చురుకైనవాళ్లు, మేం వెళ్లేసరికే కనేస్తారన్నారు. ఐగుప్తులో ఆడవాళ్లు ఇటుకల మీద కాళ్లుంచి కూర్చుని కనేవారు. 2001లో అబిదోసు తవ్వకాల్లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లకి అలాంటి ఇటుక ఒకటి దొరికింది, సుమారు 3,700 ఏళ్ల నాటిది. దాని మీద అప్పుడే పుట్టిన బిడ్డనెత్తుకున్న తల్లి, అటూ ఇటూ ఆమెకు సాయపడే ఆడవాళ్లు ఉన్న రంగుల బొమ్మ. ఫోటో చూసి చాలాసేపు అలాగే ఉండిపోయాను. మా దగ్గర వ్యవహారం తిరగబడి ఉండేది. లింగ నిర్ధారణను నిషేధించే చట్టం 1994లో వచ్చినా, "స్కానింగులో ఏం కనబడిందో కొంచెం చెప్పండి సిస్టర్" అని పక్కకి పిలిచి అడిగేవాళ్లు. ఎందుకడుగుతున్నారో మాకు తెలుసు. నోరు విప్పకుండా నిలబడటం కూడా మంత్రసాని పనిలో భాగమేనని షిఫ్రా పూయాల దగ్గర నేర్చుకున్నాను.

యెహెజ్కేలు 16లో పుట్టిన బిడ్డకు చేసే పనుల వరస ఉంది: బొడ్డు కోయడం, నీళ్లతో కడగడం, ఉప్పు రాయడం, గుడ్డల్లో చుట్టడం. నర్సుగా ఉప్పు మాట చదివితే ఒళ్లు జలదరిస్తుంది, పసిబిడ్డ చర్మానికి అది ప్రమాదం. అయినా నవలలో ఆ ఉప్పు ఉండాలి. మనకు నచ్చనివి తీసేస్తే ఆ కాలం మిగలదు.

మనవాళ్లకి ఈ పని కొత్త కూడా కాదు. రామాయణంలో లేని ఊర్మిళ నిద్రను, కౌసల్య వేవిళ్లను తెలుగు ఆడవాళ్లు పాటలు కట్టి పాడుకున్నారు. ఓల్గా గారు 'విముక్త' కథల్లో సీతనూ శూర్పణఖనూ ఎదురెదురుగా కూర్చోబెట్టారు, ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. బైబిలు స్త్రీల దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాకు దొరికేవన్నీ ఇంగ్లీషువే. తెలుగులో వాక్యం అచ్చయిన చరిత్రలో మన ఊరికి పెద్ద చోటుంది. లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయర్ అనే తెలుగు పండితుడి సాయంతో ఇక్కడ చేసిన అనువాదమే, మత్తయి, మార్కు, లూకా సువార్తలుగా 1812లో శ్రీరాంపూరులో అచ్చయింది. అప్పటికే ఆ మిషనరీలిద్దరూ చనిపోయారు. ఇక్కడి నుంచి ఒక తెలుగు నవల రాకూడదా? చేపల రేవులో గంప నెత్తికెత్తుకునే ఆడవాళ్లనీ, మా వార్డు ఆయమ్మలనీ చూసినవాళ్లు ఎవరైనా రాయకూడదా?

రాసేవాళ్లు ఉంటే రిస్పాతో మొదలుపెట్టమని నా మనవి. 2 సమూయేలు 21. దావీదుకు ముందు రాజైన సౌలు గిబియోనీయులను చంపించినందుకు బదులుగా, అతని సంతతిలో ఏడుగురిని వాళ్లు కొండ మీద ఉరితీస్తారు. అందులో ఇద్దరు సౌలు ఉపపత్ని రిస్పా కొడుకులు. యవల కోత మొదలైన రోజులవి. ఆమె గోనెపట్ట పరుచుకుని ఆ శవాల దగ్గర కూర్చుంటుంది. పగలు పక్షుల్ని, రాత్రి అడవి మృగాల్ని తోలుతూ వాన పడేదాకా అక్కడే ఉంటుంది. ఆ దేశంలో యవల కోత ఏప్రిల్ ప్రాంతంలో, తొలి వానలు మామూలుగా అక్టోబరులో. ఆమె ఒక్క మాటా అనదు. ఆ సంగతి విన్నాకే దావీదు కదిలి సౌలు, యోనాతానుల ఎముకలు తెప్పిస్తాడు. ఉరితీయబడినవాళ్ల ఎముకలు కూడా ఏరి, సౌలు యోనాతానులను సౌలు తండ్రి సమాధిలో పాతిపెడతారు.

మా అత్తయ్యకి ఇది మొన్న చెప్పాను. చాలా ప్రశ్నలు వేసింది. తిండెవరు తెచ్చారు, నీళ్లెవరిచ్చారు, నిద్ర ఎప్పుడు పోయింది, రాళ్లు విసిరిందా కర్ర పట్టుకుందా? కోత కోసేవాళ్లు కింద చేలో పాటలు పాడుకుంటుంటే ఆమెకు వినబడేదా? మిగతా ఐదుగురూ సౌలు కూతురి కొడుకులని చెప్పగానే ఠక్కున లేచి కూర్చుంది.

"అయితే ఐదుగురి తల్లి ఏటైపోనాది? ఆవిడ కూడా కొండెక్కాల గదా. రానివ్వలేదా, సచ్చిపోయిందా, సూడలేక ఇంట్లో తలుపేసుకుందా? ఆ ఐదుగుర్నీ కూడా ఈవిడే కాసినాదంటే, ఇద్దరి మధ్యా ఏదో మాట జరిగే ఉంటాది. అది రాయమను."